మొదటి పిస్టల్ కొనే ముందు: అమెరికాలోని తెలుగువారి కోసం క్లాసు నుంచి కొనుగోలు దాకా

ఏడాదికి నాలుగైదు సార్లు ఈ ఫోను వస్తుంది. "అక్కా, మీ ఇంట్లో పిస్టల్ ఉందట కదా. మేమూ కొందామనుకుంటున్నాం. ఏది మంచిది?" అడిగేవారు ఎక్కువగా మా డాలస్ చుట్టుపక్కల ఊళ్లవారే. వాళ్ల వీధిలో ఒకరింట్లో బంగారం పోయి ఉంటుంది. లేదా తమ్ముడు పనిచేసే గ్యాస్ స్టేషన్‌లో అర్ధరాత్రి ఎవరో తుపాకి చూపించి గల్లా ఊడ్చుకుపోయి ఉంటారు. నేను పిస్టల్ పేరు చెప్పను. "ముందు మీది ఏ వీసా?" అని అడుగుతాను. సగం ఫోన్లు అక్కడే ఆగిపోతాయి.

మిగతా సగం మందికి ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చినదాన్ని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. వరుస ముఖ్యం. చట్టం, ఇల్లు, క్లాసు, రేంజి (తుపాకి కాల్చి సాధన చేసే చోటు), ఆ తరువాతే దుకాణం. మేము దుకాణంతో మొదలుపెట్టి డబ్బు పోగొట్టుకున్నాం.

మొదటి మెట్టు: మీకు ఆ హక్కు ఉందా

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటా గానీ కలిగి ఉండకూడదు. 1998 నుంచి ఈ నియమం ఉంది. కలిగి ఉండటమంటే కొనడం ఒక్కటే కాదు. రేంజిలో అద్దెకు తీసుకుని పది తూటాలు కాల్చినా కలిగి ఉన్నట్టే. ఆఫీసు బృందం సరదాగా రేంజికి తీసుకెళ్లినా, స్నేహితుడు తన పిస్టల్ చేతిలో పెట్టి ఫొటో తీసినా అంతే. నేరం రుజువైతే 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు, వీసా సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఫొటోను సామాజిక మాధ్యమాల్లో పెట్టేవారిని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. మీ మీద సాక్ష్యాన్ని మీరే ప్రచురించుకుంటున్నారు.

బి2 సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ ఇదే వర్తిస్తుంది. "నాన్నగారు ఎప్పుడూ తుపాకి పట్టుకోలేదు, ఒక్కసారి సరదా తీరుద్దాం" అని రేంజికి తీసుకెళ్లేవారు ఉన్నారు. తీసుకెళ్లకండి.

ఒక మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే తాత్కాలిక వీసాదారుకీ తుపాకి కొనే వీలుంటుంది. జింకను జూలో తప్ప చూడని కుర్రాళ్లు ఆన్‌లైన్‌లో వేట లైసెన్సు తీసుకోవడానికి కారణం అదే. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. కానీ ఆ లైసెన్సుకు గడువు ఉంటుంది. టెక్సస్‌లో మామూలు వేట లైసెన్సు గడువు ఆగస్టు 31తో తీరిపోతుంది. పునరుద్ధరించడం మరిచిపోతే సెప్టెంబరు 1 నుంచి అల్మరాలో ఉన్న పిస్టలే నేరం. ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా ఆ దారిలో అడుగు పెట్టవద్దని నా గట్టి సలహా.

గ్రీన్‌కార్డు ఉన్నవారు కొనవచ్చు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడటం మాత్రం గ్రీన్‌కార్డు కాదు, ఆ తేడా మరవకండి. ఇంకొక మాట. పౌరులు జరిమానా కట్టి బయటపడే తుపాకి తప్పు కూడా గ్రీన్‌కార్డుదారును దేశం దాటించగలదు. తుపాకికి సంబంధించిన నేరంలో శిక్ష పడితే బహిష్కరణకు అదే చాలు. కాబట్టి మన విషయంలో "ఏదోలే, చిన్న తప్పు" అనేది లేదు.

రాష్ట్రాల తీరు ఒక్కొక్కటి ఒక్కో రకం. టెక్సస్‌లో కొనడానికి వేరే అనుమతి పత్రం అక్కర్లేదు. ఇల్లినాయిలో ఫోయిడ్ అనే తుపాకి యజమాని గుర్తింపు కార్డు, న్యూజెర్సీలో ప్రతి చేతి తుపాకికీ పోలీసుల నుంచి విడి అనుమతి, కాలిఫోర్నియాలో రాత పరీక్షతో వచ్చే సర్టిఫికెట్, ఆపైన పది రోజుల నిరీక్షణ ఉంటాయి. న్యూజెర్సీ ఎడిసన్‌లోని మీ బావగారు చెప్పింది టెక్సస్ ఇర్వింగ్‌లో పనికిరాదు, ఇర్వింగ్‌లో చూసింది ఎడిసన్‌లో చేస్తే జైలే.

రెండో మెట్టు: మీ ఇంటికి ఆ పిస్టల్ తగునా

దీన్ని గురించి ఎవరూ మాట్లాడరు. అమెరికాలో తుపాకి వల్ల చనిపోయేవారిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవారే. దొంగ వస్తాడని కొన్న పిస్టల్‌కు ఇంట్లోని మనిషి బలయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేం. ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ ఉన్నా, కాలేజీ ఒత్తిడిలో పిల్లలు నలుగుతున్నా, భార్యాభర్తల గొడవలు చేతుల దాకా వస్తున్నా, తాగితే మనిషి మారిపోతున్నా పిస్టల్ తేవద్దు. అలారం, కెమెరాలు, మంచి తలుపు గడియ, బ్యాంకు లాకర్ ఉన్నాయి. బంగారానికి కాపలాగా ఎక్కువగా పనికొచ్చేది లాకరే. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు దొంగ వస్తే అల్మరాలోని పిస్టల్ బంగారంతో పాటే పోతుంది.

ఇంట్లో వీసా తేడాలు కూడా చూసుకోండి. మీరు పౌరులే కావచ్చు. ఆరు నెలలకు వచ్చిన అత్తమామలకు పిస్టల్ పెట్టె తాళం సంకేతం తెలిస్తే అది వాళ్ల అదుపులోనూ ఉన్నట్టేనని వాదించే వీలుంటుంది. సంకేతం హక్కు ఉన్నవారి దగ్గరే ఉండాలి.

మూడో మెట్టు: క్లాసు వెతకడం

క్లాసులు చాలా పేర్లతో ఉంటాయి. మీకు కావలసినది మొదటిసారి పట్టుకునేవారి కోసం పెట్టిన పిస్టల్ క్లాసు. ఎన్ఆర్ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) ప్రాథమిక పిస్టల్ కోర్సు అలాంటిదే. చాలా రేంజిలు సొంతంగానూ నడుపుతాయి. టెక్సస్‌లో మనవాళ్లు చేసే పొరపాటు, దీని బదులు లైసెన్స్ టు క్యారీ, అంటే పిస్టల్ వెంట ఉంచుకునే లైసెన్సు క్లాసుకు వెళ్లడం. అది నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు. అందులో ఎక్కువ భాగం చట్టం. చివర్లో 3, 7, 15 గజాల దూరం నుంచి 50 తూటాలు కాల్చాలి. 250కి 175 వస్తే చాలు. అక్కడ ఎవరూ మీకు పట్టు నేర్పరు, పట్టు వచ్చినవారికి పరీక్ష పెడతారు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హులైన 21 ఏళ్లు దాటినవారు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను, ఇతర రాష్ట్రాల్లో కొన్నిచోట్ల చెల్లుతుందని. అది మొదటి క్లాసు తరువాత ఆరు నెలలకు.

క్లాసులో చేరే ముందు ఫోను చేసి నాలుగు విషయాలు అడగండి. ఒక శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు? కాల్పుల గీత దగ్గర నలుగురు కంటే ఎక్కువైతే మీ చేతులను చూసేవారు ఉండరు. పిస్టల్ వాళ్లే ఇస్తారా? ఇవ్వాలి, మీది తెమ్మంటే అది మీ క్లాసు కాదు. మొదట .22 అనే చిన్న తూటా పిస్టల్‌తో మొదలుపెడతారా? పెడితే మంచి క్లాసు. ఎన్ని తూటాలు కాలుస్తారు? యాభై, అరవై చాలు. మొదటి రోజు రెండు వందలు కాల్చిస్తే చివరి వంద అలసటతో పోతాయి.

నేను ఆడవాళ్ల క్లాసును ఎంచుకున్నాను. మగవాళ్లతో కలిసి నేర్చుకోవడానికి అభ్యంతరమేమీ లేదు. కానీ మా ఆయన పక్కనుంటే నా భుజం మీదుగా సలహాలు ఇస్తూనే ఉంటారు, కారు నేర్చుకున్నప్పుడు పడిన పాట్లు చాలు. దంపతులు విడివిడి రోజుల్లో వెళ్లడం కాపురానికీ, గురికీ మంచిది.

నాలుగో మెట్టు: ఏం వేసుకుని వెళ్లాలి

దీనికి ఒక మెట్టు ఎందుకంటే, నా మెడ మీద చిన్న మచ్చ ఉంది కాబట్టి. పిస్టల్ పేలినప్పుడల్లా ఖాళీ ఇత్తడి తొడుగు కుడి పక్కకు ఎగిరి పడుతుంది. అప్పుడే పేలింది కాబట్టి నిప్పులా కాలుతుంది. నేను వెడల్పు మెడ ఉన్న కుర్తీ వేసుకుని వెళ్లాను. మూడో తూటాకే తొడుగు పక్క గోడకు తగిలి తిరిగొచ్చి నల్లపూసల మధ్యలో దూరింది. ఒళ్లు జలదరించి గిర్రున తిరగబోయాను, చేతిలో నిండు పిస్టల్‌తో. శిక్షకురాలు నా రెండు మణికట్లనూ పట్టుకుని గొట్టం ముందుకే ఉండేలా ఆపింది. "కాలనివ్వు. మచ్చ మానుతుంది. ముందు పిస్టల్ బల్ల మీద పెట్టు" అంది. ఆ రోజు నేర్చుకున్న వాటిలో నేను మరవనిది అదే.

మెడ దాకా మూసే టీషర్టు, వేళ్లు కప్పే బూట్లు, వెనక్కి కట్టిన జుట్టు, ముందుకు అంచు ఉన్న టోపీ ఉండాలి. కంటి అద్దాలు ఇస్తారు. చెవులకు నురుగు బిరడాలు లోపల, పైన చెవి కప్పులు, రెండూ పెట్టుకోండి. 9 ఎంఎం పిస్టల్ చప్పుడు సుమారు 160 డెసిబెల్స్ ఉంటుంది, గోడలున్న రేంజిలో అది ఇంకా మోగుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పని వాయిదా వేసుకోవడమే మంచిది. చప్పుడు ఒక కారణం, గాలిలో ఉండే సీసం పొడి రెండో కారణం. రేంజి నుంచి బయటికి రాగానే చేతులు, ముఖం సబ్బుతో, చల్లటి నీళ్లతో కడుక్కోండి. ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోండి. కడుక్కోకుండా కారులో చిప్స్ తినవద్దు.

అయిదో మెట్టు: తూటా లేని గంట

మంచి క్లాసులో మొదటి గంట తూటా కనబడదు. నాలుగు సూత్రాలు చెబుతారు, అప్పజెప్పమంటారు. ప్రతి తుపాకీ నిండుగానే ఉందనుకోవాలి. కాల్చదలచుకోని దాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకునే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురి వెనక ఏముందో తెలిసి ఉండాలి. వీటిని అమెరికాలో వ్యాప్తిలోకి తెచ్చినవాడు జెఫ్ కూపర్ అనే మాజీ మెరీన్ అధికారి. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినా మిగతా మూడు కాపాడతాయి. అనర్థం జరగాలంటే ఒకేసారి రెండైనా తప్పాలి.

తరువాత ఖాళీ చేయడం. ఈ వ్యాసంలో ఒక్క పేరానే గుర్తుంచుకుంటానంటే ఈ పేరా గుర్తుంచుకోండి. పిస్టల్‌లో తూటాలు రెండు చోట్ల ఉంటాయి. పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో కొన్ని, గొట్టం వెనక చాంబర్‌లో ఒకటి. ఖాళీ చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ తీయాలి, తరువాత స్లైడ్‌ను (గొట్టం పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగాన్ని) వెనక్కి లాగి చాంబర్‌లోనిది బయట పడేయాలి. ఈ వరుస తారుమారైతే ఏమవుతుంది? స్లైడ్ లాగగానే ఒక తూటా బయట పడుతుంది, మీరు అమ్మయ్య అనుకుంటారు. స్లైడ్ ముందుకు పోతూ మ్యాగజైన్ నుంచి ఇంకొక తూటాను చాంబర్‌లోకి తోస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీస్తారు. చేతిలో మ్యాగజైన్ ఉంది, నేల మీద తూటా ఉంది, పిస్టల్ ఖాళీ అని మనసు నమ్ముతుంది. చాంబర్‌లో మాత్రం ఒకటి ఉంది.

తుపాకి శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన మన పిల్లల వార్తలు తెలుగు పత్రికల్లో చదివినప్పుడల్లా నాకు ఈ వరుసే గుర్తొస్తుంది. మ్యాగజైన్ తీయండి, స్లైడ్ మూడు సార్లు లాగండి, వెనక్కి లాగి నిలిపి ఉంచండి, చాంబర్‌లోకి తొంగి చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. చీకట్లో కూడా వేలు అబద్ధం చెప్పదు. మా శిక్షకురాలు దీన్ని నా చేత పాతిక సార్లు చేయించింది. ఇరవయ్యో సారికి విసుగొచ్చింది. ఆ విసుగు రావాలనే చేయించిందట.

చిన్న చేతులవారికి స్లైడ్ లాగడం మొదటి గండం. బొటనవేలు, చూపుడు వేలితో గిల్లినట్టు లాగితే రాదు. ఎడమ అరచేతిని స్లైడ్ మీద కప్పి, నాలుగు వేళ్లతో అవతలి వైపు బిగించి, పిస్టల్‌ను ఛాతీ దగ్గరికి తెచ్చుకుని, కుడి చేత్తో పిస్టల్‌ను ముందుకు తోయండి. లాగడం కంటే తోయడం మీద దృష్టి పెట్టండి. నాకు అయిదు నిమిషాల్లో వచ్చింది. ఒక జాగ్రత్త ఉంది. బలం చాలక ఒళ్లు పక్కకు తిప్పితే గొట్టం పక్కనున్న వారి కడుపు వైపు తిరుగుతుంది. కాళ్లు తిప్పండి, గొట్టం తిప్పకండి.

ఆరో మెట్టు: కాల్పుల గీత

ముందు ఏ కన్ను బలమైనదో తేల్చుకోవాలి. రెండు చేతులు చాచి అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరంగా గోడ గడియారాన్ని ఆ సందులోంచి చూడండి. ఒక్కొక్క కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో అదే మీ గురి కన్ను. కుడిచేతి వాటం, ఎడమ కన్ను గురి ఉన్నవారు చాలామందే ఉంటారు. కంగారు పడనక్కర్లేదు, తల కాస్త తిప్పితే సరిపోతుంది.

కుడి చేయి పిడిని వీలైనంత పైన పట్టుకోవాలి. ఎడమ చేయి మిగిలిన ఖాళీని నింపాలి. రెండు బొటనవేళ్లూ ఎడమ పక్కనే, గొట్టం చూసే దిక్కుకు చూస్తూ ఉండాలి. సినిమాల్లో చూసినట్టు ఎడమ బొటనవేలిని కుడి బొటనవేలి వెనక, స్లైడ్ దారిలో అడ్డంగా పెడితే వెనక్కి దూసుకొచ్చే స్లైడ్ చర్మం ఒలిచేస్తుంది. మోచేతులు బిగదీయకండి. ఒంటిని కాస్త ముందుకు వంచండి, బరువైన తలుపును తోయబోతున్నట్టు.

గురి చూడటానికి పిస్టల్ పైన ముందొకటి, వెనకొకటి సైట్లు ఉంటాయి. గురి పెట్టేటప్పుడు ముందు వైపు సైటు స్పష్టంగా కనబడాలి, టార్గెట్ మసకగా ఉన్నా ఫరవాలేదు. మొదట ఇది ఎవరికీ మింగుడుపడదు, కొట్టాల్సినదాన్నే చూడాలి కదా అనిపిస్తుంది. ముందు సైటు వెనక సైటు గాడిలో మధ్యగా, సమానమైన ఎత్తులో ఉంటే అయిదు గజాల్లో మసక టార్గెట్‌కైనా తగులుతుంది.

ఇక ట్రిగ్గర్. నా మొదటి పది తూటాలూ టార్గెట్ కింది ఎడమ మూలకు పోయాయి. సైట్లు తప్పుగా ఉన్నాయేమో అన్నాను. శిక్షకురాలు నవ్వలేదు. పిస్టల్ తీసుకుని, నాకు కనబడకుండా మ్యాగజైన్ నింపి ఇచ్చింది. ఒకటి పేలింది. రెండోది పేలింది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, పేలలేదు. పేలకపోయినా పిస్టల్ ముక్కు ఒక అంగుళం కిందికి పొడుచుకుంది, దానంతటదే కాదు, నా చేయి పొడిచింది. మధ్యలో పేలని నకిలీ తూటా పెట్టిందన్నమాట. చప్పుడు వస్తుందని ముందే ఊహించుకుని చేయి దాన్ని అణచబోతోంది. అప్పటిదాకా అది నాకు తెలియదు. కుడిచేతి వాటం వారిలో కింద ఎడమకు పోయే తూటాలకు తొలి అనుమానితుడు ఇదే. మందు ఒకటే: ట్రిగ్గర్‌ను నిమ్మకాయ పిండినట్టు నెమ్మదిగా, ఆగకుండా నొక్కుతూ పోవాలి, ఎప్పుడు పేలుతుందో మీకే తెలియనంత నెమ్మదిగా. పేలాక కూడా వేలు ట్రిగ్గర్ మీదే ఒక క్షణం ఆగాలి.

రేంజిలో గట్టిగా "సీజ్ ఫైర్" అని ఎవరు అరిచినా, మీ పక్కనున్న పదేళ్ల పిల్లవాడు అరిచినా, వెంటనే ఆపి, పిస్టల్ కింద పెట్టి వెనక్కి జరగండి. ట్రిగ్గర్ నొక్కితే పేలకపోతే గొట్టాన్ని ముందుకే ఉంచి ముప్పై సెకన్లు లెక్కపెట్టండి, ఆలస్యంగా పేలే తూటాలు అరుదుగా ఉంటాయి. చప్పుడు మామూలుగా కాక తుస్సుమంటే తరువాతి తూటా కాల్చవద్దు. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు, వెనక ఇంకొకటి వెళితే పిస్టల్ చేతిలోనే పగులుతుంది. శిక్షకుడిని పిలవండి.

ఏడో మెట్టు: అద్దె పిస్టళ్లు

క్లాసు అయ్యాక కనీసం మూడు సార్లు రేంజికి వెళ్లి, వేర్వేరు పిస్టళ్లు అద్దెకు తీసుకుని కాల్చండి. అద్దె కోసం ఖర్చయ్యే ఆ కొద్ది డబ్బు గురించి బాధపడకండి. మా కథ వినండి. క్లాసుకు వెళ్లకముందే మా ఆయన ఒక దుకాణానికి వెళ్లి "మా ఆవిడ కోసం" అన్నారు. కౌంటర్ వెనక మనిషి అరచేతిలో ఇమిడే చిన్న .380 పిస్టల్ చూపించి, ఆడవాళ్లకు ఇదే సరి అన్నాడు. పావు కిలోకు కాస్త ఎక్కువ బరువు, ముద్దుగా ఉంది. కాల్చి చూస్తే తెలిసింది. అంత తేలికైన పిస్టల్ వెనక్కి తన్నే తన్నంతా చేతికే. పదో తూటాకు బొటనవేలు మొదట్లో ఎర్రగా కమిలిపోయింది. స్లైడ్ స్ప్రింగు బిగువు వల్ల లాగనూ లేకపోయాను. అదే రేంజిలో ముప్పావు కిలో బరువుండే 9 ఎంఎం అద్దెకు తీసుకుని కాలిస్తే హాయిగా ఉంది. చిన్న పిస్టల్ చిన్న చేతికి అనే మాట చెప్పులకు సరిపోతుంది, పిస్టళ్లకు కాదు. బరువు తన్నును మింగుతుంది.

అదే కారణంతో, "ఆడవాళ్లకు రివాల్వర్ సులువు" అనే సలహాను కూడా నేను ఒప్పుకోను. స్లైడ్ లాగే పని లేదన్నమాట నిజమే. కానీ తేలికపాటి చిన్న రివాల్వర్ ట్రిగ్గర్ పొడవుగా, బరువుగా ఉంటుంది. అయిదారు తూటాలకే వేలు వణుకుతుంది. కీళ్లనొప్పుల వల్ల స్లైడ్ అసలు లాగలేనివారికి మాత్రం పెద్ద, బరువైన రివాల్వర్ మంచి జవాబే.

ఎనిమిదో మెట్టు: ఏది కొనాలి

తూటా సైజు దగ్గర తడబడనక్కర్లేదు. ఇంటి రక్షణకు 9 ఎంఎం. జార్జ్ లూగర్ అనే ఆస్ట్రియన్ రూపొందించిన ఈ తూటా 1902 నుంచి వాడుకలో ఉంది. ప్రపంచంలోని సైన్యాలు, పోలీసులు ఎక్కువగా వాడేది ఇదే, అందుకే దొరకడం సులువు, ధర తక్కువ. మన దేశంలో సాధారణ పౌరులకు ఈ 9 ఎంఎం నిషిద్ధం, అక్కడ లైసెన్సు పిస్టల్ అంటే .32. అందుకే ఇంటికి ఫోను చేసి 9 ఎంఎం కొన్నానంటే పోలీసు శాఖలో పనిచేసిన మా బాబాయికి నోట మాట రాలేదు. నేర్చుకోవడానికి మాత్రమే అయితే .22 ఎల్ఆర్ పిస్టల్ కొనండి. తన్ను దాదాపు ఉండదు, తూటా చవక, రోజంతా కాల్చవచ్చు. డబ్బుంటే మొదట అదే కొని, ఏడాది తరువాత 9 ఎంఎం కొనమంటాను.

చేతిలో పెట్టుకుని చూడాల్సినవి: పిడి పట్టుకున్నప్పుడు చూపుడు వేలి మొదటి గెణుపు మధ్య భాగం ట్రిగ్గర్ మీదికి సహజంగా రావాలి, అందుకోసం చేయి పక్కకు తిప్పాల్సి వస్తే ఆ పిడి మీకు పెద్దది. పిడి వెనక భాగం మార్చుకునే వీలుంటే మేలు. మ్యాగజైన్ వదిలే బటన్ బొటనవేలికి అందాలి. స్లైడ్ పదిసార్లు లాగగలగాలి, మొదటిసారి కాదు, పదోసారి ఎలా ఉందో చూడండి.

ఇప్పుడు పేర్లు. గ్లాక్ 19 మధ్య పరిమాణం పిస్టల్, 15 తూటాల మ్యాగజైన్, ఎక్కడైనా విడిభాగాలు దొరుకుతాయి, పాడవడం అరుదు. దాని గురించి ఒక విషయం ఎవరూ ముందు చెప్పరు. శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. చాంబర్‌లో ఒకటి మిగిలి ఉంటే విప్పే పనిలోనే పేలుతుంది. అయిదో మెట్టులోని పేరా అందుకే అంత పొడుగు. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పి 9, సిగ్ పీ365 వంటివి ట్రిగ్గర్ నొక్కకుండానే విప్పవచ్చు. సిగ్ పీ365 2018లో వచ్చింది, దుస్తుల్లో దాచుకోవడానికి చేసినది. ఇంట్లో ఉంచుకోవడానికి నేనైతే అంత చిన్నది తీసుకోను. వేళ్లలో బలం తక్కువైనవారు స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్‌ను తప్పక చేతబట్టి చూడాలి. దాని స్లైడ్ మా అత్తగారి వయసువారూ లాగగలరు, వాళ్ల వీసా ఒప్పుకుంటే.

నేను చివరికి ఎం అండ్ పి కొన్నాను, గ్లాక్ చెడ్డదని కాదు, దాని పిడి నా చేతికి ఇటుక పట్టుకున్నట్టు ఉంటుంది. మా ఆయనకు అదే ఇటుక నచ్చింది. ఎవరి చేయి వారిది. మరీ అగ్గువ పిస్టళ్లు, ఎవరో ఇంట్లో మార్పులు చేసిన పాత పిస్టళ్లు మొదటి కొనుగోలుకు వద్దు. పైన అమర్చే ఎర్రచుక్క సైట్లు, లేజర్లు, దీపాల జోలికి మొదటి ఏడాది పోవద్దు. ఆ డబ్బుతో తూటాలు కొనండి.

తొమ్మిదో మెట్టు: దుకాణంలో

చేతి తుపాకిని లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, మీరుండే రాష్ట్రంలోనే కొనాలి. డ్రైవింగ్ లైసెన్సు మీద ఇప్పటి చిరునామా ఉండాలి. ఇల్లు మారి లైసెన్సు మార్చుకోని మనవాళ్లు ఎంతమందో కౌంటర్ నుంచి వెనక్కి తిరుగుతారు. గ్రీన్‌కార్డుదారులు కార్డు కూడా తీసుకెళ్లండి, దాని మీది నంబరు అడుగుతారు.

తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వారి ఫారం 4473 నింపమంటారు. నిదానంగా చదవండి. పౌరసత్వం గడిలో తప్పు టిక్కు పెడితే తుపాకి రాకపోవడంతో ఆగదు, అది నేరం. రాష్ట్రం అనుమతించినా సరే గంజాయి వాడేవారు ఫెడరల్ చట్టం ప్రకారం కొనడానికి అనర్హులు, ఫారంలో ఆ ప్రశ్న విడిగా ఉంది. అసలు కొనుగోలుదారు మీరేనా అనే ప్రశ్న కూడా ఉంది. అర్హత లేని స్నేహితుడు డబ్బిస్తే మీ పేరు మీద కొనిపెట్టడం ఫెడరల్ నేరం. హెచ్1బి మీద ఉన్న తమ్ముడు ఎంత బతిమాలినా సరే.

ఫారం అయ్యాక ఎఫ్‌బీఐ నడిపే తనిఖీ వ్యవస్థ నిమిషాల్లో జవాబు ఇస్తుంది: సరే, ఆగండి, కుదరదు. ఆగమంటే కంగారు వద్దు. పేర్లు కలవడం మన రెడ్లు, రావులు, కుమార్లకు కొత్త కాదు. తూటాలు రెండు రకాలు కొనండి: సాధనకు 115 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) మామూలు ఇత్తడి తొడుగువి, ఇంటికోసం మొన గుల్లగా ఉండేవి ఒక పెట్టె. ఇనుప తొడుగు తూటాలు చవకే, కానీ చాలా ఇండోర్ రేంజిలు ఒప్పుకోవు.

పదో మెట్టు: ఇల్లు

పిస్టల్ కొనే రోజే పెట్టె కొనండి, మర్నాడు కాదు. నాకు వేళ్లతో నొక్కే అయిదు బటన్ల యాంత్రిక తాళం నచ్చింది. బ్యాటరీ అయిపోదు, చీకట్లో వేళ్లకు తెలుస్తుంది. పిస్టల్‌తో వచ్చే తీగ తాళం లేనిదానికంటే మేలు, అంతే. టెక్సస్ చట్టంలో, భద్రపరచని నిండు తుపాకి 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందితే నేరం పెద్దవారిదే. "మా పిల్లలకు చెప్పాం, ముట్టుకోరు" అనే మాట వద్దు. పిల్లలు మీ ఫోను సంకేతం మీకంటే ముందు కనిపెట్టినవారే. వాళ్ల స్నేహితుల ఇళ్లకు నిద్రకు పంపే ముందు "మీ ఇంట్లో తుపాకి ఉందా, ఎక్కడ పెడతారు?" అని నేను అడుగుతాను. మొదట్లో సిగ్గనిపించింది, ఇప్పుడు వేరుశనగ ఎలర్జీ గురించి అడిగినంత మామూలు.

రోజూ పది నిమిషాలు తూటా లేకుండా సాధన చేయండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు మూయండి, చాంబర్ వేలితో చూడండి, ఇటుక గోడ వైపు గురిపెట్టండి, ముందు సైటు కదలకుండా ట్రిగ్గర్ నొక్కండి. సైటు మీద పైసా బిళ్ల నిలబెట్టి, అది పడకుండా నొక్కగలిగితే మీ వేలు దారిలో పడింది. నెలకోసారి రేంజి చాలు. సాధన అయిపోయాక "అయిపోయింది" అని పైకి అనండి. అన్నాక ఇంకొక్కసారి అని మళ్లీ తీయవద్దు, టీవీ పగిలేది ఆ ఇంకొక్కసారికే.

పదకొండో మెట్టు: ఇండియా ప్రయాణానికి ముందు

అమెరికాలో విమానంలో పిస్టల్ తీసుకెళ్లాలంటే ఖాళీగా, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి, లోపలికి పంపే సామానులో పెట్టాలి. ఇండియాకు మాత్రం ఆ ఆలోచనే వద్దు. ఇక్కడ ప్రమాదం పిస్టల్‌తో కాదు, సంచితో. రేంజికి వాడిన సంచినే ప్రయాణానికి వాడితే అడుగున ఎక్కడో ఒక తూటా ఉండిపోతుంది. శంషాబాద్‌లో స్కానర్ కింద ఆ ఒక్క తూటా కనబడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. తెలియక జరిగిందని కోర్టులు కొట్టేసిన కేసులు ఉన్నాయి, కానీ అది తేలేలోపు మీ సెలవు, తిరుగు టికెట్టు, ఉద్యోగం ఏమవుతాయో ఊహించుకోండి.

మా ఇంట్లో రేంజి సంచి నారింజ రంగుది, గ్యారేజీ దాటి లోపలికి రాదు. పోయిన ఏడాది సంక్రాంతికి బయల్దేరే ముందు రోజు, అలవాటుకొద్దీ పాత వీపు సంచిని కూడా తిరగేసి దులిపాను. మూడేళ్లుగా తూటా పెట్టని సంచి అది, మొదటి క్లాసుకు తీసుకెళ్లినది. ముందు జేబు లోపలి కుట్టు విడిపోయిన చోట వేలికి గుండ్రంగా, చల్లగా ఏదో తగిలింది. తీసి చూస్తే 9 ఎంఎం, పేలనిది.